కాలిక్యులేటర్‌తో టాప్ క్వార్క్‌ను తూచడం

క్వార్కులనే మౌలిక కణాల్లోకెల్లా బరువైన టాప్ క్వార్క్ 1995లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో దొరికింది. అంతకుముందే, జెనీవా దగ్గరి లెప్ అనే కణ త్వరణ యంత్రంలో, బలహీన బలాన్ని మోసే జెడ్ బోసాన్ కణాలను కొలిచినవారు అది ఎంత బరువుండాలో దాదాపుగా చెప్పేశారు. నాకు భౌతికశాస్త్రంలో ఇంతకంటే ఇష్టమైన లెక్క లేదు. ఏటా ఎమ్మెస్సీ విద్యార్థులతో చేయిస్తాను. మీరూ చేయండి. ద్రవ్యరాశులన్నీ జీఈవీల్లో, అంటే గిగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో.

మూడు సంఖ్యలు రాసుకోండి: జెడ్ ద్రవ్యరాశి 91.1876; మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, బరువైన కణం) ఆయుష్షు నుంచి వచ్చే, బలహీన బలం ఎంతో చెప్పే ఫెర్మీ స్థిరాంకం 0.0000116638; విద్యుత్ బలం ఎంతో చెప్పే ఆల్ఫా 1/128.9. పై (π, 3.1416) విలువను ఆల్ఫాతో గుణించి, ఫెర్మీ స్థిరాంకంతోనూ 2 వర్గమూలంతోనూ భాగిస్తే 1477.5 వస్తుంది. జెడ్ లాంటిదే అయిన డబ్ల్యూ బోసాన్ ద్రవ్యరాశి వర్గాన్ని ‘క’ అనుకోండి. జెడ్ వర్గం 8315. క × (1 − క/8315) = 1477.5. రెండు మూలాల్లో పెద్దదానికి వర్గమూలం తీస్తే డబ్ల్యూ 79.96.

ప్రయోగాల్లో కొలిచిన డబ్ల్యూ 80.37. తేడా 0.41. టాప్ క్వార్క్ జాడ అందులోనే ఉంది. డబ్ల్యూ క్షణంపాటు టాప్, బాటమ్ అనే క్వార్కుల జంటగా మారి మళ్లీ డబ్ల్యూ అవుతుంది. దీనివల్ల దానికి చేరే బరువు టాప్ ద్రవ్యరాశి వర్గాన్ని బట్టి పెరుగుతుందని భౌతికశాస్త్రవేత్త వెల్ట్‌మన్ 1977లో చూపారు. మన లెక్కలో అది ఆ వర్గం × 0.0000179. 0.41ని 0.0000179తో భాగించి వర్గమూలం తీయండి: టాప్ ద్రవ్యరాశి 151.

ఆల్ఫా దగ్గర జాగ్రత్త. ఒకసారి ఒక అమ్మాయి బోర్డు మీద పాఠ్యపుస్తకాల్లోని 1/137 వేసింది. డబ్ల్యూ 80.93 వచ్చింది, టాప్ వర్గం రుణాత్మకమైంది. చెరిపేయబోతుంటే వద్దన్నాను. దగ్గరికి వెళ్లేకొద్దీ విద్యుదావేశం బలం పెరుగుతుంది. జెడ్ స్థాయిలో ఆల్ఫా 1/129 దాకా చేరుతుంది. ఆ తప్పు అక్కడే ఉండబట్టి తరగతికంతటికీ ఈ విషయం కళ్లకు కట్టింది.

నేరుగా కొలిస్తే టాప్ దాదాపు 173. హిగ్స్ కణం సహా మిగతా కణాల వల్ల వచ్చే సవరణలు డబ్ల్యూను సుమారు 0.13 కిందికి లాగుతాయి, దాన్ని 0.41కి కలిపి మళ్లీ చేయండి, 173కి దగ్గరపడతారు.

ఆఖరున 80.37 బదులు 80.38 వేయండి. 151 కాస్తా 153 అవుతుంది. ఎనిమిది వేలల్లో ఒక వంతు మార్పుకే ఇంత. అందుకే లెప్‌లో చంద్రుడి ఆకర్షణకు 27 కిలోమీటర్ల వలయం ఒక మిల్లీమీటరు సాగడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు.