థాయ్‌లాండ్ టికెట్ తీసే ముందు ఏ సముద్రమో చూసుకోండి

"థాయ్‌లాండ్‌లో వర్షాకాలం ఎప్పుడు?" అని అడిగితే ఒక్క జవాబు చెప్పలేం. ఆ దేశానికి రెండు సముద్ర తీరాలు, రెండు వానాకాలాలు.

ఫుకెట్, క్రాబీ పడమర వైపు అండమాన్ సముద్రం మీద ఉన్నాయి. మనకు వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలే మే నుంచి అక్టోబర్ దాకా అక్కడా కురుస్తాయి. ఆ నెలల్లో హోటల్ సగం ధరకే వచ్చిందని మురిసిపోకండి, బీచ్‌లో ఎర్ర జెండా ఎగురుతుంటే నీళ్లలో దిగనే కూడదు. అదే సముద్రంలోని సిమిలన్ దీవులనైతే మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు పూర్తిగా మూసేస్తారు.

కో సముయి దీవి తూర్పు తీరం వైపు ఉంది. దాని సంగతి మన నెల్లూరులాగే, అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు.

అంటే జూన్, జూలైల్లో సముయి, సంక్రాంతి సెలవులకు ఫుకెట్. దసరాకైతే ఎటు వెళ్లినా గొడుగు తప్పదు, నేనైతే వాయిదా వేస్తాను.

ఇంకొకటి. 2025 మే 1 నుంచి విమానం దిగడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డ్ నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. ఏ సైట్ అయినా డబ్బులు అడిగిందంటే అది ప్రభుత్వానిది కాదు, వెంటనే మూసేయండి.