గెలీలియో విచారణను పత్రాల ఆధారంగా చదవడం ఎలా?

ఖగోళశాస్త్రానికీ మతాధికారానికీ మధ్య జరిగిన సంఘర్షణ అనగానే గెలీలియో విచారణ గుర్తుకు వస్తుంది. చాలామంది ఆ కథను చివరి ఘట్టం నుంచి, అంటే 1633 జూన్ 22న రోమ్‌లో డెబ్బయ్యేళ్లకు దగ్గరపడిన వృద్ధుడు మోకరిల్లి, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న తన అభిప్రాయాన్ని వదులుకున్న ఘట్టం నుంచి వింటారు. ముగింపు ముందే తెలిసిన కథలో ఎవరు ఎప్పుడు దేని ఆధారంగా మాట్లాడారన్న ప్రశ్న తలెత్తదు. అందుచేత ఈ వ్యవహారాన్ని ఒక దావా కట్టను విప్పి చూసినట్లు తేదీల వారీగా చదవడం మంచిది.

ముందుగా ఒక కాగితం మీద రెండు వరుసలు గీసుకోవాలి. ఎడమ వరుసలో ఆకాశం గురించి తెలిసినవాటినీ, కుడి వరుసలో కాథలిక్ చర్చి జారీచేసిన ఆజ్ఞలనూ రాయాలి. సూర్యుడే కేంద్రమని చెప్పిన కోపర్నికస్ గ్రంథం 1543లో వెలువడింది. కుడివైపున దాని మీద తొలి ఆజ్ఞ 1616 మార్చి 5న వచ్చింది. మధ్యలో ఉన్న 73 ఏళ్ల ఖాళీయే ఈ కాగితం మీద మొదట పరిశీలించవలసిన చోటు. కోపర్నికస్ స్వయంగా చర్చి కొలువులో ఉన్నవాడు, తన గ్రంథాన్ని పోప్ మూడవ పాల్‌కు అంకితమిచ్చినవాడు. అది లెక్కల పుస్తకంగా ఉన్నంతకాలం పెద్ద గొడవ లేదు. 1613లో గెలీలియో తన శిష్యుడు కాస్టెల్లికి రాసిన లేఖలో, బైబిల్లో సూర్యుణ్ణి నిలిచిపొమ్మన్న యెహోషువ గ్రంథభాగాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చర్చించాడు. లేఖనాలకు భాష్యం చెప్పే అధికారం ఎవరిదన్న విషయమై ప్రొటెస్టంట్లతో తలపడుతున్న చర్చి, 1546లోనే ట్రెంట్ మహాసభలో ఆ అధికారం తనదేనని తీర్మానించుకుంది. నా దృష్టిలో గొడవకు అసలు నిప్పు ఇక్కడే రాజుకుంది.

తర్వాత, ప్రతి పరిశీలనకూ ఎదురుగా అది దేనిని కొట్టివేసిందో, దేనిని నిరూపించలేకపోయిందో విడివిడిగా రాయాలి. 1610లో దూరదర్శినిలో కనిపించిన గురుగ్రహపు నాలుగు ఉపగ్రహాలు, అన్నీ భూమి చుట్టూనే తిరగనక్కర లేదని చూపాయి. శుక్రుడికి చంద్రుడిలాగే కళలుంటాయని తేలడంతో, అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న టాలెమీ నమూనా నిలబడలేదు. అయితే గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతారన్న టైకో బ్రాహీ నమూనాకు ఈ రెండూ అడ్డు రాలేదు. భూమి కదులుతుంటే దగ్గరి నక్షత్రాల స్థానంలో ఏటా స్వల్పమైన మార్పు, అంటే పారలాక్స్, కనిపించాలి. అప్పటి పరికరాలకు అది అందలేదు. గెలీలియో గట్టిగా నమ్ముకున్న ఋజువు సముద్రపు ఆటుపోట్లు, అవి భూమి కదలిక వల్లే వస్తాయని ఆయన వాదించాడు. ఆ వాదం తప్పు.

ఈ సందర్భంలో చర్చి ప్రముఖ వేదాంతి కార్డినల్ బెల్లర్మిన్ 1615 ఏప్రిల్‌లో కోపర్నికస్‌ను సమర్థించిన మతగురువు ఫొస్కారినీకి రాసిన లేఖను పూర్తిగా చదవాలి. నిజమైన నిరూపణ ఉంటే లేఖనాలను జాగ్రత్తగా మళ్లీ వివరించుకోవలసి వస్తుందని ఆయన అన్నాడు. ఈ ఒక్క మాట పట్టుకుని ఆయనను గెలీలియో కంటే మేలైన శాస్త్రజ్ఞుడిగా చూపేవారున్నారు. కానీ విషయాన్ని బట్టి కాకపోయినా, చెప్పినవారిని (లేఖనాల ద్వారా పలికిన పవిత్రాత్మను) బట్టి ఇది విశ్వాసానికి సంబంధించినదేనన్న మాట కూడా అదే లేఖలో ఉంది. రెండింటినీ కలిపి చదివితేనే ఆ కార్డినల్ అర్థమవుతాడు.

1616 నాటి పత్రాలను ఒకదానితో ఒకటి కలిపేయకూడదు. సూర్యుడు కదలడన్న మాట మతవిరుద్ధమని ఫిబ్రవరి 24న సలహాదారులు ఇచ్చిన అభిప్రాయం అప్పట్లో లోపలి పత్రమే. బయటికి వచ్చిన మార్చి ఆజ్ఞ ఆ సిద్ధాంతాన్ని అసత్యమనీ లేఖనాలకు విరుద్ధమనీ అన్నదే తప్ప మతవిరుద్ధమనే ముద్ర వేయలేదు. కోపర్నికస్ గ్రంథాన్ని సవరించేవరకు నిలిపివేసింది, గెలీలియో పేరు ఎత్తలేదు. ఫిబ్రవరి 26న గెలీలియోకు ఏం చెప్పారన్నదానికి మాత్రం రెండు సాక్ష్యాలున్నాయి. ఈ సిద్ధాంతాన్ని ఏ విధంగానూ బోధించకూడదని ఆజ్ఞాపించినట్లు సంతకాలు లేని ఒక నమోదు చెబుతుంది. దానిని నమ్మకూడదు, సమర్థించకూడదు అని మాత్రమే తెలియజేసినట్లు మే నెలలో బెల్లర్మిన్ స్వహస్తంతో ఇచ్చిన ధ్రువపత్రం చెబుతుంది. 1632లో టాలెమీ, కోపర్నికస్ నమూనాలను పోలుస్తూ గెలీలియో రాసిన సంభాషణల గ్రంథం వెలువడ్డాక నడిచిన విచారణలో ఈ తేడాయే కీలకమైంది. అప్పటికి బెల్లర్మిన్ చనిపోయి పదేళ్లు దాటింది. తీర్పులో పది మంది కార్డినళ్ల పేర్లుంటే ఏడుగురే సంతకం చేశారు.

కట్టుకథలను ఏరివేయడానికి ఎక్కువ శ్రమ అక్కరలేదు. “అయినా అది తిరుగుతూనే ఉంది” అన్న మాట విచారణ పత్రాల్లో లేదు. అది అచ్చులో కనిపించేది 18వ శతాబ్దంలో. గెలీలియో చీకటికొట్లో చావలేదు, ఆర్చెత్రిలోని తన ఇంట్లో నిర్బంధంలో ఉండి 1642లో మరణించాడు. 1600లో తత్వవేత్త బ్రూనోను సజీవ దహనం చేసింది నిజమే, కానీ ఆయన మీద మోపిన నేరాల్లో త్రిత్వాన్ని నిరాకరించడం వంటివీ ఉన్నాయి కనుక, ఆయనను ఖగోళశాస్త్రం కోసమే చంపారని రాయకూడదు.

మతాధికారం అంటే ఒకే గొంతు అనుకోవడం మరో పొరపాటు. గెలీలియో చూసినవి నిజమేనని 1611లో ధ్రువీకరించింది రోమ్‌లోని జెసూయిట్ (ఒక కాథలిక్ మతగురువుల సంఘం) గణితజ్ఞులే. 1655లో ఖగోళజ్ఞుడు కాసినీ సూర్యగమనాన్ని కొలవడానికి రేఖ గీసింది బొలోన్యాలోని ఒక పెద్ద చర్చి నేల మీదే.

చివరగా కుడి వరుసను పూర్తి చేయాలి. 1758లో సూర్యకేంద్ర గ్రంథాల మీద సాధారణ నిషేధం తొలగింది. పేరుపెట్టి నిషేధించిన పుస్తకాలు చర్చి నిషిద్ధ గ్రంథాల 1835 నాటి జాబితాలో గాని మాయం కాలేదు. ఎడమవైపున ఖగోళజ్ఞుడు బెస్సెల్ పారలాక్స్‌ను ప్రకటించినది 1838లో. ఒక డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్ సెకండ్ అంటారు, ఆయన కొలిచింది అందులో మూడో వంతు కన్నా తక్కువ. అంటే అందరూ అడిగిన ఆ ఋజువు చేతికి రాకముందే నిషేధం సడలింది. దానికి కారణం వెదకవలసినది అదే వరుసలో కొంచెం పైన, 1687 నాటి న్యూటన్ యాంత్రికశాస్త్రం దగ్గరా, నక్షత్రకాంతి దిశలో కనిపించే మార్పును బట్టి భూమి కదలికను బ్రాడ్లీ పట్టుకున్న 1720ల చివరా.