పీజీ దరఖాస్తులకు డిగ్రీ రెండో సంవత్సరం నుంచే ఎలా సిద్ధం కావాలి?

విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల నడిస్తే విదేశీ విద్య కన్సల్టెన్సీల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. వాటి మెట్లెక్కే విద్యార్థుల్లో చాలామంది ఫోర్-వన్ సెమిస్టర్‌లో (నాలుగో ఏడు మొదటి సెమిస్టర్), దరఖాస్తుల గడువు ముంచుకొచ్చాక వెళ్లేవారే. ప్రవేశ పరీక్షకు నాలుగైదు నెలల్లో చదువుకోవచ్చు గాని, మిమ్మల్ని నిజంగా ఎరిగిన అధ్యాపకుడు రాసే సిఫారసు లేఖను అంత తొందరలో సంపాదించడం సాధ్యం కాదు. అందువల్ల ప్రణాళికను ఆ లేఖ చుట్టూ అల్లుకోవడం మంచిది.

ముందుగా గడువు నుంచి వెనక్కి లెక్కించండి. అమెరికాలో ఆగస్టులో మొదలయ్యే చదువుకు పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు ఎక్కువగా అంతకు ముందటి డిసెంబరులోనే ముగుస్తుంది; ఎంఎస్‌కు కొంత వెసులుబాటు ఉన్నా, డిసెంబరు నుంచి మార్చి లోపు పంపవలసి ఉంటుంది. అంటే ఫోర్-వన్ పరీక్షలు, దరఖాస్తులు ఒకేసారి నెత్తిన పడతాయి. ఆ రద్దీ ముందే తెలిసినదే కనుక, జీఆర్‌ఈ (పీజీ ప్రవేశ పరీక్ష), ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ (ఆంగ్ల భాషా పరీక్షలు) వంటివి త్రీ-టూ (మూడో ఏడు రెండో సెమిస్టర్) తర్వాత వచ్చే వేసవిలో ముగించుకోవాలి. జీఆర్‌ఈ స్కోరు 5 ఏళ్లు, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు 2 ఏళ్లు చెల్లుతాయి కాబట్టి కొంత ముందుగా రాసినందువల్ల నష్టం లేదు.

దేశంలోనే చదవదలచుకున్నవారి లెక్క వేరు. ఎంటెక్ వంటి పీజీ కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన గేట్‌ను మూడో సంవత్సరంలోనే రాయవచ్చు. స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. ఫిబ్రవరిలో జరిగే ఈ పరీక్షను త్రీ-టూలో ఒకసారి రాసి చూసినవారికి, ఫోర్-టూలో మళ్లీ రాసే అవకాశం చేతిలో మిగులుతుంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, నాగార్జున వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. బీఎస్సీ, బీకాం విద్యార్థులు ఇంకొక విషయం ముందే తేల్చుకోవాలి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి నాలుగేళ్ల డిగ్రీ కావాలి, కొన్ని మాత్రమే మూడేళ్ల డిగ్రీని అంగీకరిస్తాయి. కాబట్టి విదేశం వెళ్లే ఉద్దేశం ఉంటే, మూడో ఏడు ముగిసే లోపే నాలుగేళ్ల ఆనర్స్‌కు కొనసాగాలా వద్దా అన్నది ఆలోచించుకోవాలి.

ఇక అసలు విషయమైన సిఫారసు లేఖలకు వద్దాం. సాధారణంగా రెండు లేక మూడు అడుగుతారు. అరవై మంది కూర్చునే తరగతిలో అధ్యాపకునికి మీ హాల్ టికెట్ నంబరు తప్ప మరేమీ తెలియకపోతే, ఆయన రాయగలిగేది ‘క్రమశిక్షణ గల విద్యార్థి’ అన్న ఒక్క మాటే. రెండో సంవత్సరంలోనే మీకు ఇష్టమైన సబ్జెక్టు చెప్పే ఇద్దరు అధ్యాపకులను ఎంచుకుని, సందేహాలతో వెళ్లండి, మినీ ప్రాజెక్టును వారి వద్దే చేయండి. కళాశాల బయట నుంచి ఒక లేఖ కావాలంటే, దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ మంచి దారి. దీని ద్వారా రెండు నెలలు ఒక శాస్త్రవేత్త వద్ద పని చేయవచ్చు. దరఖాస్తులు అంతకు ముందటి శీతాకాలం నాటికే పంపాలి.

లేఖ అడిగేటప్పుడు కనీసం నెల రోజుల ముందు అడగండి. మీ మార్కులు, ప్రాజెక్టు వివరాలు, విశ్వవిద్యాలయాల జాబితా, వాటి గడువులను తేదీల క్రమంలో ఒకే కాగితంపై రాసివ్వండి. ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను’ అనే అధ్యాపకులు ఉంటారు. అలా వచ్చిన మూడు లేఖలూ ఒకే చేతి రాతలా ఉంటే చదివేవారు ఇట్టే పట్టేస్తారు. వీలైనంత మర్యాదగా, ‘నేను వివరాలు ఇస్తాను, మాటలు మీవైతే బాగుంటుందండీ’ అని చెప్పడమే మేలు. కన్సల్టెన్సీ ఇచ్చే తయారు ఎస్‌ఓపీకీ (ఎందుకు చదవదలచుకున్నారో చెప్పే వ్యాసం) ఇదే ప్రమాదం ఉంది. చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ఇష్టమని మొదలయ్యే వ్యాసం గుంటూరు బ్రాడీపేట నుంచీ బెంజ్ సర్కిల్ నుంచీ వందల కొద్దీ వెళుతుంది. మీ ప్రాజెక్టులో ఏది పని చేయలేదో, దాన్ని మీరు ఎలా సరిచేశారో రాస్తే ఆ వ్యాసం మీ ఒక్కరిదే అవుతుంది.

కాగితాల పని చిన్నదిగా కనిపించినా కాలయాపన దానివల్లే జరుగుతుంది. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు ముందు ఉండి, పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ విడివిడిగా పడితే, పరీక్షకు ఏ పేరుతో నమోదు చేయాలో తికమక మొదలవుతుంది. పరీక్ష కేంద్రంలో చూపే గుర్తింపు పత్రంలోని పేరుతో నమోదు పేరు పొల్లుపోకుండా కలవాలి. కాబట్టి పాస్‌పోర్టు పని రెండో ఏట వేసవిలోనే పూర్తి చేయండి. జర్మనీ ఆలోచన ఉన్నవారికి 2022 నవంబరు నుంచి వీసాకు ఏపీఎస్ ధ్రువపత్రం (మన విద్యా పత్రాలను పరిశీలించి ఇచ్చేది) తప్పనిసరి అయింది. దాని పరిశీలనకు పట్టే వారాలను కూడా లెక్కలో వేసుకోవాలి. స్వయంప్రతిపత్తి గల కళాశాలల్లో మార్కుల మెమోలు అక్కడి పరీక్షల విభాగమే ఇస్తుంది, పట్టా మాత్రం అనుబంధ విశ్వవిద్యాలయం నుంచి రావాలి. ట్రాన్‌స్క్రిప్టులు (అన్ని సెమిస్టర్ల మార్కుల అధికారిక పత్రాలు) ఎవరి వద్ద తీసుకోవాలో ఆరో సెమిస్టర్‌లోనే కనుక్కోండి.

దరఖాస్తు పంపాక పోర్టల్‌లో మూడు లేఖలూ చేరినట్టు కనిపించే వరకు పని ముగియలేదు. గడువుకు వారం ముందు చేరని లేఖ ఉంటే అధ్యాపకునికి ఫోను చేసి గుర్తు చేయండి, ఎందుకంటే విశ్వవిద్యాలయం పంపిన మెయిల్ తరచుగా ఆయన స్పామ్‌లో పడి ఉంటుంది.