అసలు చోటు నుంచే పాట మొదలయ్యేలా పంపండి

గంటన్నర కచేరీ లింకు పంపి "చాలా బాగుంది, వినండి" అంటే చాలామంది మొదటి రెండు నిమిషాలు చూసి వదిలేస్తారు. మనల్ని కదిలించిన ఆ ఒక్క ఆలాపన 47వ నిమిషంలో ఎక్కడో ఉండిపోతుంది.

కంప్యూటర్‌లో యూట్యూబ్ తెరిచి, ఆ చోటుకు 15 సెకన్ల ముందు వీడియో ఆపండి. షేర్ నొక్కితే లింకు కింద 'స్టార్ట్ ఎట్' అనే చిన్న గడి కనిపిస్తుంది. అందులో టిక్ పెట్టి లింకు కాపీ చేయండి. అవతలివాళ్లు నొక్కగానే పాట అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ 15 సెకన్లు మాత్రం తగ్గించకండి, గొంతు పైకి లేచే ముందు వచ్చే నిశ్శబ్దం కూడా వినాలి కదా. లింకు పక్కన పాట పేరు, పాడినవారి పేరు, ఏం గమనించాలో ఒక్క వాక్యం రాయండి: "ఇక్కడ వయొలిన్ గొంతుకు జవాబిస్తుంది, వినండి" అన్నట్టు. రేపు ఆ వీడియో తీసేసినా పేర్లతో వెతుక్కోవచ్చు.

మెల్లగా పెరుగుతూ పోయి చివర్లో కళ్లు చెమర్చేలా చేసే పాటలకు ఇది పనికిరాదు. మధ్యలో మొదలుపెడితే వాటి బలమంతా పోతుంది. అలాంటివి మొదటి నుంచే పంపి, ఎంతసేపు ఉంటుందో ముందే చెప్పేయండి.