రాలిపోయే బీర పిందెలు నిలిచాయి
మేడ మీద కుండీలో వేసిన బీరపాదు పందిరంతా అల్లుకుంది, బాగా పూసింది. పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోయేవి. వేపనూనె కొట్టాను, జీవామృతం (ఆవుపేడ, మూత్రంతో చేసే ద్రవ ఎరువు) పోశాను. లాభం లేదు. ఒకరోజు సాయంత్రం ఆరిన బట్టలు తీయడానికి వెళ్తే అసలు సంగతి తెలిసింది: బీరపూలు విచ్చుకునేది పొద్దు వాలాకే. ఆ వేళకి మా నాలుగో అంతస్తులో తేనెటీగ జాడే లేదు. ఆడపూలకి పుప్పొడి అందకే పిందెలు రాలుతున్నాయన్నమాట.

అప్పటినుంచి నేనే ఒక మగపువ్వు కోసి, రెక్కలు వెనక్కి మడిచి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో పుప్పొడి మెల్లగా అద్దుతున్నాను. కొద్దిరోజుల్లోనే పిందె సాగి కిందికి వేలాడింది! ఎంత సంతోషమేసిందో.

లేతగా ఉండగానే కోసి, చిన్న ముక్క కొరికి చేదు లేదని చూసుకుని, పాలు పోసి కూర వండాను. చెక్కు పారేయలేదు, నువ్వులు, ఎండుమిర్చి, చింతపండు వేసి పచ్చడి నూరాను. మా అత్తయ్య మారు అన్నం పెట్టించుకున్నారు.