మన యాప్, మన ధర – 6వ పాఠం: స్టోర్ కమీషన్ పోగా చేతికి ఎంత?

గత పాఠంలో నెల చందా మేలా, ఏడాది చందా మేలా అన్నది తేల్చుకున్నాం. ఆ చందా డబ్బు మీ బ్యాంకు ఖాతాకి చేరేలోపు గూగుల్ ప్లే, యాపిల్ యాప్ స్టోర్ లాంటి స్టోర్ల కమీషన్‌కి ఎంత తగ్గుతుందో ఈసారి లెక్క కడదాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఈ పాఠం చదివితే రాదు, లెక్క వేస్తేనే వస్తుంది. లెక్కలన్నీ జీఎస్టీ కలపని ధర మీద వేస్తున్నాను. జీఎస్టీకి విడిగా ఒక పాఠం కావాలి, అది వచ్చేసారి.

సంక్రాంతికి గుంటూరు అరండల్‌పేటలో మా అక్కావాళ్ల ఇంటికి వెళ్లాను. బావగారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, కాటాలో ఎంత తూగాయి, ముందుగా ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఇంకా ఎంత ఇవ్వాలి – ఇదంతా ఇన్నాళ్లూ ఒక పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకంలో ఉండేది. మా మేనల్లుడు దాన్ని ఫోన్లోకి తెచ్చాడు. యార్డులో మిగతా కొట్లవాళ్లకి కూడా నెల చందా మీద ఇద్దామని వాడి ఆలోచన. ధర 230 రూపాయలు అనుకున్నాడు.

"230 ఎందుకురా?" అన్నాను.

"నా చేతికి 200 రావాలి మావయ్యా. స్టోర్ వాళ్లకి 15 శాతం. 200కి 15 శాతం అంటే 30. అందుకని 230."

ఇక్కడ ఆగి, ఇందులో తప్పేంటో మీరే వెతకండి. కొత్తగా యాప్ చేసేవాళ్లు చాలామంది ధర ఇలాగే పెడతారు.

నాకంటే ముందు బావగారే పట్టుకున్నారు. "మనం తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) రాసేటప్పుడు కమీషన్ సరుకు అమ్మిన మొత్తం మీద వేస్తాం గానీ, రైతు ఇంటికి పట్టుకెళ్లే డబ్బు మీద వేస్తామా?" అన్నారు. అంతే సంగతి. స్టోర్ 15 శాతం తీసుకునేది మీరు ఆశించిన 200 మీద కాదు, కొన్నవాళ్లు కట్టిన 230 మీద. అంటే 34.50. చేతికొచ్చేది 195.50. నాలుగున్నర రూపాయలే కదా అనిపిస్తుంది. వెయ్యి మంది చందాదారులుంటే నెలకు 4,500, ఏడాదికి 54,000. ఒక చిన్న సర్వర్ అద్దె అందులోనే వెళ్లిపోతుంది.

కాబట్టి ధర వెనక నుంచి కట్టుకు రావాలి. చేతికి ఎంత రావాలో రాసుకోండి. 15 శాతం పోతే మిగిలేది 85 కాబట్టి చేతికి రావాల్సిన డబ్బుని 0.85తో భాగించండి. 200 ÷ 0.85 = 235.29. మేనల్లుడి ధర 236 దగ్గర ఉండాలి. కమీషన్ 30 శాతమైతే 0.70తో భాగించాలి, 285.71 వస్తుంది. వాడి పద్ధతిలో 30 శాతానికి 260 పెట్టి ఉంటే చేతికి 182 వచ్చేది. శాతం పెరిగేకొద్దీ ఈ తప్పు కూడా బరువెక్కుతుంది.

మరి ఎవరికి 15, ఎవరికి 30?

యాపిల్ యాప్ స్టోర్ 2008లో మొదలైనప్పుడు కమీషన్ 30 శాతం. 2021 జనవరి నుంచి చిన్న డెవలపర్లకు 15 శాతం చేశారు. ముందటి ఏడాది రాబడి పది లక్షల డాలర్లు దాటకూడదు. మన డబ్బుల్లో ఎనిమిది కోట్ల పైమాటే. గూగుల్ ప్లేలో 2021 జూలై 1 నుంచి ప్రతి ఏడాదీ మొదటి పది లక్షల డాలర్ల మీద 15 శాతం, ఆ పైన 30. చందాలకైతే 2022 నుంచి మొదటి రోజు నుంచే 15.

రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ కాదు. గూగుల్‌ది మన ఇన్‌కమ్ టాక్స్ స్లాబ్ లాంటిది, గీత దాటిన డబ్బుకే ఎక్కువ రేటు. యాపిల్‌లో గీత దాటితే ఆ ఏడాది మిగిలిన అమ్మకాలన్నిటికీ మామూలు రేటు పడుతుంది. మన విజయవాడ, గుంటూరు కుర్రాళ్లలో ఎక్కువమందికి ఈ గీత ఇప్పట్లో అడ్డురాదు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది: 15 శాతం అన్నిటికీ దానంతట అది రాదు. యాపిల్‌లో దరఖాస్తు చేయాలి. గూగుల్‌లో చందాలకు అక్కర్లేదు గానీ, మిగతా అమ్మకాలకు అకౌంట్ గ్రూప్ (మీ డెవలపర్ ఖాతాలన్నీ కలిపి చూపే జాబితా) పెట్టి షరతులు ఒప్పుకోవాలి. నా మొదటి యాప్‌కి నేను ఆ పని చేయలేదు. నాలుగు నెలలు 30 శాతం కట్టాను, ఆ డబ్బు తిరిగి రాలేదు. తప్పు నాదే, నియమాల పేజీ చదవలేదు. ఇప్పుడే మీ ఖాతా తెరిచి చూడండి, పాఠం ఆ తర్వాత కొనసాగిద్దాం.

ఇప్పుడు అసలైన ప్రశ్న. యాప్‌లో జరిగే ప్రతి అమ్మకానికీ కమీషన్ పడుతుందా? పడదు. ఫోన్‌లోనే వాడుకునే సరుకుకే పడుతుంది: చందా, గేమ్‌లో నాణేలు, వీడియో పాఠాలు. చేతికి అందే సరుకుకి, బయట జరిగే పనికి పడదు. బీసెంట్ రోడ్డు బట్టల కొట్టు యాప్‌లో చీర కొంటే యూపీఐలో కట్టొచ్చు, స్టోర్‌కి పైసా ఇవ్వక్కర్లేదు. ప్రకటనలతో నడిచే ఉచిత యాప్‌కీ ఈ కమీషన్ లేదు.

మధ్యలో ఉండేవే చిక్కు. యాపిల్ నియమాల్లో ఒక మాస్టారు ఒక్క విద్యార్థికి లైవ్‌లో పాఠం చెబితే ఫీజు బయట తీసుకోవచ్చు. అదే లైవ్ క్లాసులో పదిమంది కూర్చుంటే స్టోర్ ద్వారానే తీసుకోవాలి. ట్యూషన్ యాప్ చేసేవాళ్లు ధర సంగతి తర్వాత, ముందు ఇది తేల్చుకోండి.

మేనల్లుడు ఇంకో మాట అడిగాడు: "మన సొంత పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సేవ) పెట్టుకుంటే కమీషన్ పోదా?" ఇండియాలో గూగుల్ ప్లేలో ఆ వీలుంది. ప్లే స్టోర్ బిల్లింగ్ విధానాల మీద కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కి 936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. ఇప్పుడు ప్లే బిల్లింగ్ పక్కనే మన బిల్లింగ్ కూడా చూపించవచ్చు. కానీ కొన్నవాళ్లు మనది ఎంచుకున్నా కమీషన్ పూర్తిగా పోదు, 4 పాయింట్లే తగ్గుతుంది. 15 కాస్తా 11 అవుతుంది.

236 మీద 4 శాతం అంటే 9.44. గేట్‌వే వాళ్లు 2 శాతం తీసుకున్నారనుకోండి, 4.72 అటు పోతుంది. మిగిలేది కూడా అంతే, 4.72. దానికోసం రీఫండ్లు, ఫెయిలైన పేమెంట్లు, "డబ్బు కట్ అయింది, యాప్ ఓపెన్ కాలేదు" అనే ఫోన్లు అన్నీ మీరే చూసుకోవాలి. రెండు, మూడు వందల మంది చందాదారులున్న యాప్‌కి ఈ టెన్షన్ వద్దని నా అభిప్రాయం. వేలల్లోకి వెళ్లాక మళ్లీ లెక్క వేసుకోండి.

ఇంకో దారి ఉంది. చందా మీ వెబ్‌సైట్‌లో అమ్మి, యాప్‌లో లాగిన్ మాత్రమే ఉంచడం. గూగుల్ ప్లే దీనికి ఒప్పుకుంటుంది, ఆ అమ్మకం మీద కమీషన్ లేదు. అయితే యాప్ లోపల కొనుగోలు ఉండకూడదు. మేనల్లుడి యాప్‌కి ఇదే సరిపోతుంది, ఎందుకంటే వాడి కస్టమర్లు యార్డులో పక్కపక్క కొట్లవాళ్లే. నడుచుకుంటూ వెళ్లి చందా కట్టించుకోగలడు. ఊరూ పేరూ తెలియని జనానికి అమ్మే యాప్‌కి ఇది అంత తేలిక కాదు.

ఖాతా ఖర్చు మర్చిపోవద్దు. గూగుల్‌కి ఒక్కసారి 25 డాలర్లు. యాపిల్‌కి ఏటా 99 డాలర్లు, ఎనిమిది వేల పైనే. ఏడాదికి ఒక్కొక్కరి నుంచి 200 మిగిలే యాప్ అయితే, ఐఫోన్‌లో మొదటి 40 మందికి పైగా ఇచ్చే డబ్బు ఆ ఫీజుకే సరి.

ఇంటి పని: విజయవాడ సత్యనారాయణపురంలో ఒకావిడ తన యాప్‌లో గోంగూర పచ్చడి సీసా 180 రూపాయలకి, పచ్చళ్లు పెట్టే వీడియో కోర్సు 499కి అమ్ముతారు. 15 శాతం రేటులో నమోదైన ఖాతా. నెలకు 100 సీసాలు, 100 కోర్సులు పోతే స్టోర్‌కి ఎంత, ఆవిడకి ఎంత? కోర్సు మీద చేతికి సరిగ్గా 450 రావాలంటే ధర ఎంత పెట్టాలి? జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను, ఆ అంకెల మీదే జీఎస్టీ వేద్దాం.