గుర్రం వెన్ను కండ పెంచే ముందు

• ముందు వీపు తడిమి చూడాలి. మూపు నుంచి నడుము దాకా, వెన్నెముకకు రెండు పక్కలా అరచేతితో మెల్లగా నొక్కుతూ వెళ్లండి. గుర్రం వీపును కిందికి కుంగదీసినా, చెవులు వెనక్కి వాల్చినా, తోక విసురుగా ఝాడించినా అక్కడ నొప్పి ఉందని అనుమానించాలి. పశువైద్యుడు చూసేదాకా జీను వేయకండి. నొప్పితో పనిచేస్తే కండ పెరగదు, పాపం ఆ మూగజీవి ఒళ్లంతా బిగుసుకుపోతుంది.

• స్వారీ తర్వాత చెమట పట్టిన వీపు మీద అరచేయంత పొడి మచ్చ కనిపిస్తే జీను అక్కడ ఒత్తుతుండవచ్చు. కండ పెరిగేకొద్దీ వీపు ఆకారం మారుతుంది, అందుకే జీనును మళ్లీ మళ్లీ సరిచూడాలి.

• డెక్కలు, లాడాలు, పళ్లు చూపించారా?

• కండకు మాంసకృత్తులు కావాలి, నాసిరకం ఎండుగడ్డి ఒక్కటే చాలదు. దాణాను మాత్రం వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

• కసరత్తులో మొదటి పది నిమిషాలు నడకే.

• తాడు పట్టి గుండ్రంగా తిప్పేటప్పుడు వలయం కనీసం 15 మీటర్ల వ్యాసం ఉండాలి. ఇరుకు వలయం కీళ్ల మీద భారం వేస్తుంది.

• తలను బలవంతంగా వంచి కట్టవద్దు. మెడను ముందుకు, కిందికి చాపనిస్తే వీపు తనంతట తానే పైకి లేస్తుంది.